తలుపు తీసిన పల్లె

ప్రియ చదువరీ, సంఖ్యాకాండము 35వ అధ్యాయములోని ఆశ్రయపురములను గూర్చి నేను పలుమారులు ప్రసంగించితిని. ఆ ఆరు పురముల పేర్లను సెమినరీలో కంఠస్థము చేసితిని. అయినను ఆశ్రయమను మాటకు అర్థము నాకు తెలిపినది ఫ్రాన్సుదేశమందలి ఒక సేద్యగాండ్ర పల్లె చరిత్రయే.

దాని పేరు లె షాంబోన్ సూర్ లిన్యోన్. అది సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల ఎత్తుననున్న పీఠభూమి. చలికాలమున మంచు దారులను కప్పివేయును. అచ్చటి రైతులలో అధికులు హ్యూగెనోలు, అనగా ఫ్రెంచి ప్రొటెస్టంట్ల సంతతివారు. 1598లో నాంట్ శాసనము ఆ ప్రొటెస్టంట్లకు ఆరాధన స్వేచ్ఛ నిచ్చెను. 1685లో 14వ లూయీ రాజు దానిని రద్దుచేసెను. ఆలయములు కూల్చబడెను, కాపరులు వెళ్లగొట్టబడిరి. నూరేండ్లపాటు ఆ జనులు చాటుగా ఆరాధించుకొనిరి.

1940 జూన్ 22న ఫ్రాన్సు జర్మనీకి లొంగి సంధి చేసికొనెను. మరునాడు ఆదివారము. దౌర్జన్యమును ఆత్మసంబంధమైన ఆయుధములతో ఎదిరించుట క్రైస్తవుల విధియని పాస్టరు ఆంద్రె త్రోక్మే, ఆయన తోడి కాపరి ఎదువార్ తేస్ సంఘమునకు బోధించిరి. ఆ చలికాలమందే జర్మనీనుండి పారిపోయి వచ్చిన యూదురాలొకతె మంచులో తడిసి కాపరిగారి తలుపు తట్టెను. ఆయన భార్య మగ్దా అమ్మగారు ఆమెను లోపలికి పిలిచి పొయ్యియొద్ద కూర్చుండబెట్టిరి. పిమ్మట వచ్చినవారు అనేక వందలమంది. వారిలో పిల్లలు మెండు. రైతులు వారిని తమ యిండ్లలో దాచిరి. పోలీసులు వచ్చునప్పుడు అడవికి పంపిరి. దీనికి మూల్యము చెల్లింపక తప్పలేదు. 1943లో పాస్టరుగారి బంధువు దానియేల్ త్రోక్మే తాను కాచుచున్న విద్యార్థులతోకూడ పట్టబడి, 1944లో మైదానెక్ నిర్బంధ శిబిరములో మరణించెను. 1990లో యెరూషలేములోని యాద్ వాషెం సంస్థ ఆ పల్లెను, చుట్టుప్రక్కల పల్లెలను గౌరవించెను.

తమ పితరులు తరుమబడినవారని వారు మరువలేదు. పరదేశిని ప్రేమింపవలెనని ఆజ్ఞాపించుచు దేవుడు ఇశ్రాయేలీయులకు ఐగుప్తును జ్ఞాపకము చేసినదియు ఇందుకే గదా!

నేనో? ఒక వానరాత్రి నా తలుపు తట్టిన బాటసారిని ఆకలిగానున్నదా అని అడుగుటకు ముందే, ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగితిని. అతడు మారు పలుకక వెనుదిరిగెను. సిగ్గుపడి లాంతరు పట్టుకొని వీధిలోనికి పోయితిని గాని అతడు కనబడలేదు. మరుసటి ఆదివారము నా ప్రసంగాంశము ఆశ్రయపురములే.

ప్రియ చదువరీ, నీ తలుపు తట్టినవానిని నీవు మొట్టమొదట అడుగు ప్రశ్న యేది?