పిల్లికన్ను

తెలుగు పాఠాలు చెప్పుకొని బతికేవాణ్ని. కన్నుల మీద మన కవులు చేసిన పోలికలు, కలువలు, చేపలు, లేడికళ్ళు, గంటసేపు చెప్పమన్నా చెప్పగలను. కాని ఎదుట ఆడుకుంటున్న పసిదాని కంటిని చూడడం మాత్రం నాకు రాలేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

మాది గోదావరిఖని. పక్క వాటాలో ఉండే అతను బొగ్గుబాయిలో పని చేస్తాడు. నడుమ ఒక్క గోడే కనుక, వాళ్ళ చిట్టితల్లి సగం మా ఇంట్లోనే పెరిగింది. దాని రెండో పుట్టినరోజున నా సెల్‌ఫోనుతో ఫొటో తీశాను. ఒక కంటిపాప ఎర్రగా వచ్చింది. రెండోది మాత్రం చీకట్లో పిల్లికన్నులా తెల్లగా మెరిసింది. “ఇదేందండీ?” అంది మా ఆవిడ. “ఫ్లాషు దోషం” అని కొట్టిపారేశాను. చదువుకున్నవాణ్ని కదా, ఏదో ఒకటి చెప్పకపోతే ఎలా!

తరవాత ఆ తల్లి ఒకసారి అననే అంది: “సార్, దీపాలు పెట్టే యాళ్లకు పిల్ల కన్నుల ఏదో మెరుస్తున్నది.” కొన్నాళ్ళకు ఆ కన్ను మెల్లగా కూడా అయింది. మెల్లకన్ను అదృష్టమని నాయనమ్మ మురిసిపోయింది. ఆ మురిపెంలో మూడు నెలలు గడిచాయి. చివరికి కంటి డాక్టరుకు చూపిస్తే, ఆయన ఆ వారంలోనే హైదరాబాదు వెళ్ళమన్నాడు. తోడుగా నన్నూ రమ్మన్నారు. రామగుండంలో రైలెక్కాం.

జబ్బు పేరు రెటినోబ్లాస్టోమా. కంటి వెనుక ఉండే రెటీనా అనే తెర మీద పుట్టే క్యాన్సరు. సాధారణంగా ఐదేళ్ళలోపు పిల్లలకే వస్తుంది. పదిహేను, పద్దెనిమిది వేల మంది శిశువుల్లో ఒకరికి వచ్చేంత అరుదు. కాని మన దేశం పెద్దది కనుక, ఏటా సుమారు 1,500 మంది పిల్లలు దీని పాలబడుతున్నారని అంచనా. ఆరోగ్యమైన రెటీనా నిండా రక్తం ఉంటుంది కనుక వెలుతురు పడితే ఎర్రగా మెరుస్తుంది. గడ్డ ఉంటే తెల్లగా మెరుస్తుంది. మసక వెలుతురులో కంటిపాప పెద్దదవుతుంది కనుక సందెవేళ అది తేలికగా కనబడుతుంది. ఆ తల్లి చూసింది, నేను కొట్టిపారేసింది, దాన్నే!

తొలిదశలో పట్టుకుంటే మందులతోనూ లేజరుతోనూ కన్ను దక్కించే వీలుంటుంది. మా చిట్టితల్లికి ఆ దశ దాటిపోయింది. కన్ను తీసెయ్యాలన్నారు.

నాయనమ్మ నెత్తి కొట్టుకుంది. “ఆడపిల్లకు కన్ను తీస్తరా? రేపు దానికి పెండ్లెట్లయితది? పోదాం పాండ్రి, ఊళ్ళె నాటుమందు పోసేటాయన ఉన్నడు.” ఇలాగే వెనక్కు వెళ్ళిపోయినవాళ్ళు, జబ్బు కంటినరం వెంబడి మెదడుకు పాకాక తిరిగివస్తుంటారని డాక్టరమ్మ చెప్పింది. వేళకు వైద్యం అందే దేశాల్లో నూటికి తొంభయ్యైదు మందికి పైగా పిల్లలు బతుకుతున్నారని కూడా చెప్పింది.

తండ్రి చాలాసేపు గోడకు ఆనుకొని నిలబడ్డాడు. తరవాత తల్లితో అన్నాడు: “అవ్వా, నాయిన తట్టా చెమ్మసూ పట్టినోడే గదా. బాయిల పైకప్పు చప్పుడైతే తట్టా చెమ్మసూ ఆడనే ఇడిసి ఉరుకుమనెటోడు. సామాన్ల కోసం ఆగినోడు దక్కలే. కన్ను పోనీ, పిల్ల దక్కాలె.”

నా ఎమ్మే చదువులో అంత మంచి ఉపమానం నాకెక్కడా తగల్లేదు.

గాయం మానాక కృత్రిమ నేత్రం అమర్చారు. ఇప్పుడది బడికి పోతోంది. చెబితే తప్ప ఏ కన్ను దేవుడిచ్చిందో కొత్తవాళ్ళకు తెలియదు. వేళకు వేళకు రెండో కంటికి పరీక్ష చేయిస్తున్నారు. ఈ జబ్బు కొందరిలో వంశపారంపర్యం కూడా కనుక, వెనుక పుట్టిన తమ్ముడికీ చూపించారు. వాడికేమీ లేదు.

మూడు నెలల ముందే వచ్చి ఉంటే కన్ను దక్కేదా అని డాక్టరమ్మను చాటుగా అడిగాను. “చెప్పలేమండీ” అంది. ఆ ఒక్క మాట ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

ఇలాంటి పిల్లలకు వైద్యం మనకు అందని దూరంలో లేదు. సినిమా దర్శకుడు ఎల్.వి.ప్రసాద్ గారి దాతృత్వంతో, డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాదులో ప్రారంభించిన కంటి ఆసుపత్రిలో ఈ జబ్బుకు వైద్యం చేస్తారు. ఏటా మే నెలలో ఒక వారాన్ని ఈ జబ్బు గురించి చాటడానికే ప్రపంచమంతా కేటాయించుకుంది. అయితే మన ఇంట్లో పసిపిల్ల కన్ను మెరవడానికి మే నెల రానక్కరలేదు.

కనుక ఈ రాత్రి మీ పిల్లల ఫొటోలు ఒకసారి తీసి చూడండి. ఒక కన్ను తెల్లగా కనబడితే బెంబేలు పడకండి. అది ఫొటో తీసిన కోణం వల్ల కావచ్చు, శుక్లం వల్ల కావచ్చు. కాని ఏమిటన్నది మాత్రం మీరు తేల్చకండి. నాలాగా “ఫ్లాషు దోషం” అనకండి. ఆ మాట కంటి డాక్టరు చెబితే అప్పుడు హాయిగా నవ్వుకోవచ్చు.