చెవికి తృప్తి ఎక్కడ?



మనుష్యుని ఆశలను గూర్చి ప్రసంగించునప్పుడు మనము ధనము, పొలము, బంగారము, మద్యము అను మాటలనే ఎత్తుచుందుము. చెవికి కూడ ఒక ఆశ కలదని తలంచువారు తక్కువ. ప్రసంగి గ్రంథకర్త మాత్రము దానిని మరువలేదు. కంటికి చూపులతోను, చెవికి శబ్దములతోను కడుపు నిండదని ఆయన తన గ్రంథపు మొదటి పుటలోనే తేల్చినాడు (ప్రసంగి 1:8). స్పీకర్లు, ఆంప్లిఫయర్లు లేని దినములలో ఆయన కనిపెట్టిన సత్యమిది. నేడు ఆయన మన ఇండ్లలోనికి వచ్చి చూచినయెడల ఏమనునో!

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో కుటుంబములను దర్శించుచు తిరుగు మాకు ఈ చెవి ఆశ ఇంటింట కనబడుచున్నది. గోడకు పెద్ద టీవీ, దాని క్రింద సౌండ్ బారు, మూలకు బేస్ పెట్టె. ఇంటిలో బియ్యము డబ్బా చిన్నదైనను శబ్దపు పెట్టె పెద్దది.

పాట వినుట పాపమని మేము చెప్పుట లేదు. మేము పిల్లలముగా ఉన్న దినములలో షార్ట్‌వేవ్ రేడియోలో సువార్త విన్న కుటుంబములు అనేకములు. 1970 మొదలు 2003 వరకు ఫెబా రేడియో హిందూ మహాసముద్రములోని సేషెల్స్ ద్వీపముల నుండి మన దేశమునకు వాక్యమును పంపినది. ఆ ధ్వని ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరముగా అలవలె వచ్చి పోవుచుండును, మధ్యలో గరగర. అయినను పెద్దలు రేడియో చుట్టు చేరి, పిల్లలను గదమాయించి, చెవి యొగ్గి వినుచుండిరి. శబ్దము తక్కువ, వినికిడి ఎక్కువ.

తరువాత సంగతులు త్వరత్వరగా మారినవి. ఫిలిప్స్ కంపెనీ 1963లో క్యాసెట్టును తెచ్చినది. 1982లో సీడీ వచ్చినది. 1996లో జపానులో డీవీడీ అమ్మకమునకు వచ్చినది. దాని వెంట అయిదు స్పీకర్లు, ఒక బేస్ పెట్టె గల 5.1 హోమ్ థియేటర్ మధ్యతరగతి ఇండ్లలోనికి ప్రవేశించినది. అయిదు చాలక ఏడు స్పీకర్లు వచ్చినవి. 2014 నాటికి డాల్బీ ఆట్మాస్ అను పద్ధతి ఇండ్లకు కూడ వచ్చి, పైకప్పు వైపు నుండి కూడ శబ్దము రావలెనని చెప్పినది. ముందు, ప్రక్కన, వెనుక, పైన! ఇక మిగిలినది నేల ఒక్కటే. ప్రతి మెట్టు మీదను దుకాణము వారు చెప్పు మాట ఒక్కటే: ఇంతవరకు మీరు విన్నది అసలైన శబ్దము కాదు.

ఈ మాటను నమ్మిన ఒక యౌవనస్థుని సంగతి చెప్పుదుము. పెనుకొండ మండలము ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారములో 2019లో ఉత్పత్తి ప్రారంభమైన తరువాత ఆ చుట్టుప్రక్కల పల్లెల పిల్లలకు నెల జీతములు వచ్చినవి. అందునుబట్టి దేవునికి స్తోత్రము. ఈ అబ్బాయి కూడ ఆ ప్రాంతములో ఒక చిన్న యూనిట్‌లో పనికి చేరినాడు. మొదట సౌండ్ బారు కొన్నాడు. ఏడాది తిరుగకముందే దానిని సగము ధరకు అమ్మి 5.1 సెట్టు తెచ్చినాడు. పిమ్మట బెంగళూరు ఎస్.పి. రోడ్డుకు పోయి వేరొక ఆంప్లిఫయరు, దానికి తగిన పెద్ద బేస్ పెట్టె. గది కొలత పది అడుగులకు పన్నెండు అడుగులు. అన్నియు నెలసరి కంతుల మీదనే.

మేము ప్రార్థనకు వెళ్లినప్పుడు, "ఎట్లుంది నాయనా, ఇప్పుడు బాగుందా?" అని అడిగితిమి.

"బాగుంది అయ్యగారూ. ఇంగొక్కటి మారిస్తే సరిపోతుంది," అన్నాడు.

అతని తల్లి ప్రక్కనే కూర్చుండి మా పెదవుల వైపు చూచుచున్నది. ఆమె వివాహమునకు ముందును, తరువాతను ధర్మవరములో పవర్‌లూమ్ షెడ్డులో పని చేసినది. గుంట మగ్గము శబ్దము వేరు. అది నేయువాని కాలితోను చేతితోను నడచును. పవర్‌లూమ్ షెడ్డులో ప్రక్కనున్న మనిషితో మాటలాడవలెనన్నను కేక వేయవలెను. ఏండ్ల తరబడి ఆ మోతలో నిలిచిన ఆ తల్లికి వినికిడి చాలవరకు పోయినది. మేము చదివిన కీర్తనలో సగము ఆమెకు అందలేదు. "ఆమెన్" మాత్రము మేము తల వంచుట చూచి పలికినది.

అబ్బాయి మంచివాడే. తల్లిని ప్రేమించువాడే. అయితే ఆ ఇంటిలో రెండు చెవుల జతలు ఉన్నవి. ఒక జతకు మూడుసార్లు క్రొత్త పరికరము వచ్చినది. రెండవ జతకు ఒక్క పరీక్షయైనను జరుగలేదు. ఈ సంగతి అతనికి తట్టకుండ చేసినది ఏమి? "ఇంగొక్కటి" అను ఆ మాటయే. అది మన చూపును ఎల్లప్పుడు తరువాతి వస్తువు మీదనే నిలుపును గాని, ప్రక్కనున్న మనిషి మీద నిలువనియ్యదు. లోభత్వమును గూర్చి జాగ్రత్తపడుడని ప్రభువు లూకా 12వ అధ్యాయములో హెచ్చరించినది లక్షాధికారులను మాత్రమే కాదు. ఆస్తి పంపకము విషయమై తగవులాడు సామాన్యుని ముందు ఆ మాట చెప్పినాడు.

ఈ "ఇంగొక్కటి"కి అంతము ఎందుకు లేదో లెక్కలో కూడ తెలియును. పెట్టె మీద వ్రాసిన వాట్లను చూచి మనము మురిసిపోవుదుము. రెండు వందల వాట్ల బదులు నాలుగు వందల వాట్లు వచ్చినయెడల శబ్దము రెండింతలగునని తలంచుదుము. అట్లు కాదు. శక్తి రెండింతలైన శబ్దము పెరుగునది 3 డెసిబెళ్లు మాత్రమే; చెవికి అది కొంచెము హెచ్చినట్లు తోచును. శబ్దము రెండింతలైనట్లు మనకు తోచవలెనంటే శక్తి సుమారు పదింతలు కావలెను. అనగా ఖర్చు పరుగెత్తును, ఫలితము నడచును. పైగా పెట్టెల మీద పి.ఎం.పి.ఓ. అని వేలకొలది వాట్లు అచ్చువేయుట కలదు. అది క్షణకాలపు లెక్క. ఆ పెట్టె నిలకడగా ఇచ్చు శక్తి అందులో చాల చిన్న భాగము. ఆర్.ఎం.ఎస్. అను అంకెను చూచుట నేర్చుకొనినవాడు కొంతవరకైనను మోసపోడు.

చెవికి హాని కూడ కలదు. అమెరికాలో కార్మికుల ఆరోగ్యమును పరిశీలించు నియోష్ సంస్థ పెట్టిన హద్దు ప్రకారము 85 డెసిబెళ్ల శబ్దములో ఎనిమిది గంటలు ఉండవచ్చును. ప్రతి 3 డెసిబెళ్లకు ఆ కాలము సగమగును. 100 డెసిబెళ్ల వద్ద పదునైదు నిమిషములే. పోయిన వినికిడి సాధారణముగా తిరిగి రాదు. పవర్‌లూమ్ కూలీకి ఆ మోత జీవనాధారము కొరకు వచ్చినది. మనము దానిని కంతులు కట్టి కొనుచున్నాము.

ఈ ఆశ ఇండ్లలోనే ఆగినయెడల మేము ఈ వ్యాసము వ్రాయకపోదుమేమో. అది మందిరములోనికి కూడ వచ్చినది, అదియు పరిచర్య అను వస్త్రము కప్పుకొని వచ్చినది. హిందూపురము దగ్గర మాకు బాగుగా తెలిసిన ఒక చిన్న సంఘములో జరిగిన సంగతి. మందిరము సిమెంటు కప్పు, నున్నని గోడలు, పరచిన బండలు. వాక్యము చెప్పిన వెంటనే మాట మాట మీద పడి గజిబిజి యగును. ముసలివారికి ఒక్క ముక్కయు అర్థము కాదు. యౌవనస్థులు కమిటీ ముందుకు వచ్చి, "ప్రక్క ఊరి మందిరములో పెద్ద బాక్సులు పెట్టినారు, కొత్త మిక్సరు తెచ్చినారు. మనకే లేదు," అన్నారు. సంఘపు పెట్టెలో ఉన్న డబ్బులో అధిక భాగము స్త్రీలు ప్రతిదినము వంట చేయునప్పుడు తీసి పెట్టిన పిడికెడు బియ్యపు డబ్బు. పట్టుపురుగుల మేపులో, చింతపండు కొట్టు పనిలో కూలి చేయు తల్లులది.

ఆ కమిటీలో ఒక వృద్ధుడు లేచి, "కొనేది తర్వాత సామీ, ముందు ఒక మైకు సెట్టు మేస్త్రీని పిలిపించండి," అన్నాడు. పెండ్లిండ్లకు, సభలకు మైకు పెట్టు ఆ మనిషి వచ్చి, గుడిలో చేతులు తట్టి విని నవ్వినాడు. "పెట్టెలకేం కాలేదయ్యా, గోడలే తిరిగి అరుస్తా ఉండాయి. ఇంకా పెద్దవి పెడితే ఇంకా పెద్దగా అరుస్తాయి," అన్నాడు. వెనుక గోడకు దళసరి తెరలు వేయించినాడు. కూర్చుండు చోట పట్టాలు, చాపలు పరిపించినాడు. మైకు వెనుకనున్న స్పీకర్లను మైకుకు ముందువైపు జరిపి, జనుల చెవుల ఎత్తునకు వంచినాడు. బేస్ తగ్గించినాడు. ఖర్చు క్రొత్త సెట్టు ధరలో చాల కొద్ది భాగము.

మరుసటి ఆదివారము వెనుక వరుసలోని ముసలమ్మలు వాక్యము విన్నారు. మిగిలిన డబ్బుతో వర్షములకు ముందే ఒక విధవరాలి ఇంటి రేకులు మార్చినారు. అందరును సంతోషించినారని చెప్పజాలము. ఇద్దరు పిల్లలు కొంతకాలము ప్రక్క ఊరి మందిరమునకే పోయినారు. అయినను ఆ సంఘము ఒక పాఠము నేర్చుకొన్నది: కావలసినది పెద్ద శబ్దము కాదు, స్పష్టమైన మాట. కొరింథీయులకు పౌలు వ్రాసినదియు ఇదియే. బూర స్పష్టముగా ఊదనియెడల ఎవడు యుద్ధమునకు సిద్ధపడునని ఆయన అడిగినాడు (1 కొరింథీ 14:8).

పొరుగువాని సంగతి కూడ తలంచవలెను. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. రాత్రి పది నుండి ఉదయము ఆరు వరకు లౌడ్ స్పీకరు కూడదు. అదే సంవత్సరము ఆగస్టు 30న సుప్రీం కోర్టు ఒక తీర్పు చెప్పినది. చెన్నైలోని ఒక కాలనీవాసులు చర్చ్ ఆఫ్ గాడ్ ఫుల్ గాస్పెల్ సంఘపు మైకులు, డ్రమ్ముల శబ్దమును గూర్చి ఫిర్యాదు చేసిన వ్యాజ్యమది. ఇతరుల నెమ్మదిని చెరిపి ప్రార్థించుమని ఏ మతమును చెప్పలేదని న్యాయస్థానము భావించినది. ఈ మాట లోకపు న్యాయస్థానము నుండి మనము వినవలసి వచ్చినది! మన గోడ అవతల పరీక్షకు చదువుకొను పిల్లవాడును, జ్వరముతో పండుకొన్న ముసలివాడును మనము ప్రేమింపవలసిన పొరుగువారే గదా.

యెరూషలేములో నీటి గుమ్మము ఎదుట ఎజ్రా కఱ్ఱ పీఠము మీద నిలిచి తెల్లవారినది మొదలు మధ్యాహ్నము వరకు ధర్మశాస్త్రము చదివినాడు (నెహెమ్యా 8). మైకు లేదు. లేవీయులు జనుల మధ్య నిలిచి అర్థము చెప్పినారు. జనులు విని ఏడ్చినారు. 1739లో అమెరికాలోని ఫిలడెల్ఫియా వీధిలో జార్జి విట్‌ఫీల్డ్ ప్రసంగించుచుండగా, బెంజమిన్ ఫ్రాంక్లిన్ వెనుకకు నడచుచు ఆ స్వరము ఎంత దూరము వినబడునో కొలిచి, ముప్పదివేల మందికి పైగా వినగలరని లెక్క కట్టినాడు. హోరేబు కొండ మీద ఏలీయాకు గాలిలోను, భూకంపములోను, అగ్నిలోను దేవుడు ప్రత్యక్షము కాలేదు. అవి అన్నియు దాటిన తరువాత మెల్లని స్వరము వచ్చినది (1 రాజులు 19). ఆ స్వరమునకు నేటి ఏ ఆంప్లిఫయరును సాయము చేయజాలదు. ఏలీయా తన దుప్పటితో ముఖము కప్పుకొని గుహ వాకిట నిలిచి విన్నాడు.

కాబట్టి ప్రియులారా, క్రొత్త పరికరము కొనకముందు ఇంటిలో భార్యాభర్తలు కూర్చుండి నాలుగు ప్రశ్నలు వేసికొనుడి. ఉన్నది నిజముగా చెడిపోయినదా, లేక మరియొకరి ఇంటిలో చూచి వచ్చితిమా? ఉన్నదానిని సరియైన చోట పెట్టి, గదిలో తెర, చాప వేసి చూచితిమా? అప్పు లేకుండ కొనగలమా? ఈ ఇంటిలో మనము ఇంకను వినని మనిషి ఎవరైన ఉన్నారా?

నాలుగవ ప్రశ్నకు జవాబుగా ఇంటిలో వినికిడి తగ్గిన పెద్దలుండిన, వారిని ప్రభుత్వ ఆసుపత్రిలో చెవి వైద్యునికి చూపించుడి. గుబిలి తీసినంతనే కొందరికి బాగగును. వినికిడి యంత్రము అవసరమైనవారు సదరం ధృవీకరణ పత్రమును గూర్చి అక్కడనే విచారించవచ్చును. ఆ యౌవనస్థునితో కూడ మేము ఈ మాటయే చెప్పినాము. అతడు ఒక సెలవు దినమున తల్లిని పరీక్షకు తీసికొనిపోయినాడు. చెవి వెనుక పెట్టుకొను చిన్న యంత్రము వచ్చుటకు కొన్ని నెలలు పట్టినది. బేస్ పెట్టె ఇంకను ఆ ఇంటిలోనే ఉన్నది, కంతులు ఇంకను తీరలేదు. అయితే ఆమె మొన్న మాతో, "అయ్యగారూ, మీ గొంతు ఇట్లుంటుందా? ఇన్నాళ్లూ వేరేగా అనుకొంటిని," అన్నది.

సంతుష్టి సహితమైన భక్తిని గూర్చి తిమోతికి వ్రాయబడిన మాటలను ఈ నెల కుటుంబ ప్రార్థనలో చదువుకొనుడి (1 తిమోతి 6:6-10). చదువునప్పుడు టీవీ ఆపుడి, సెల్లు ప్రక్కన పెట్టుడి, పిల్లలలో ఒకరిచేత గట్టిగా చదివించుడి. వినుటకు చెవులిచ్చిన దేవుడు, ఉన్నదానితో తృప్తిపడు హృదయమును కూడ మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.