కరవది పక్క ఊళ్ళో గిత్తల బేరం

రైలు ఒంగోలు దాటి విజయవాడ వైపు సాగగానే వచ్చే చిన్న స్టేషన్ కరవది. మా మేనమామ ఊరు అక్కడికి దగ్గరే. గుండ్లకమ్మకూ మూసీకీ (హైదరాబాదు మూసీ కాదండోయ్!) మధ్య ఉన్న ఈ నల్లరేగడి నేలే ఒంగోలు గిత్తకు పుట్టిల్లు.

దూరదేశపు బేరగాళ్ళు ఈ ఊళ్ళకు కొత్తేమీ కాదు. 1960లలో బ్రెజిల్ వాళ్ళు వచ్చి గిత్తల్ని కొని ఓడల్లో తీసుకెళ్ళారు. అందులో ఒకదాన్ని అక్కడ ఈ ఊరి పేరుతోనే 'కరవది' అని పిలుచుకున్నారు. ఆ జాతిని వాళ్ళు 'నెలోర్' అంటారు, మన నెల్లూరే. 2023లో 'వియాటినా-19' అనే నెలోర్ ఆవులో మూడోవంతు వాటా అమ్మితే, మొత్తం ఆవు విలువ నలభై లక్షల డాలర్లు దాటింది!

మామయ్య బేరం అంత పెద్దది కాదు. మోకాళ్ళు సహకరించక, నాలుగు పళ్ళ గిత్తల జతను అమ్మకానికి పెట్టాడు. కొడుకు సెల్‌ఫోన్లో వీడియో తీసి పంపాడు. ఆ సాయంత్రమే ఫోన్. "సైన్యంలో ఉన్నాను, రాలేను. అడ్వాన్సు వేస్తా, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అన్నాడు అవతలి మనిషి. బేరమే ఆడలేదు! "డబ్బు వచ్చేదానికి మన పిన్ను ఎందుకురా?" అన్నాడు మామయ్య. బడికి పోని మనిషి అడిగిన ఆ ప్రశ్న మనలో చదువుకున్నవాళ్ళకు ఎందరికి తడుతుందో!

రెండోది రాయచూరు నుంచి. ఇతను అసలు బేరగాడని మొదటి మాటకే తెలిసిపోయింది. పళ్ళు చూపించమన్నాడు, సుడులు ఎక్కడున్నాయని అడిగాడు, తడి నేలమీద నడిపించి గిట్టలు చూపమన్నాడు. అన్నీ అయ్యాక మామయ్య, "ఎలపట గిత్తకు రైలు కూతంటే బెదురు. ముందే చెబుతున్నా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఫోన్లో కనిపించని లోపం చెప్పడమెందుకు?

"చెప్పకపోతే నాలుగొందల కిలోమీటర్ల అవతల అది బెదిరినప్పుడు దెబ్బలు తినేది నువ్వా, నేనా? అది తింటది" అన్నాడు.

లారీ పంపిస్తాను ఎక్కించండి అంటే ఒప్పుకోలేదు. మనిషి రావాల్సిందే. వారం తర్వాత రాయచూరు రైతు కొడుకుతో సహా వచ్చాడు. అరుగుమీద కూర్చుని రుమాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడారు. బెదురు పేరు చెప్పి పదివేలు తగ్గించాడు కూడా. మామయ్య నావైపు చూడలేదు.

డబ్బు బ్యాంకులో పడ్డాకే గిత్తలు కదిలాయి. పశువుల డాక్టరు దగ్గర ధ్రువపత్రం తీసుకున్నారు. పశువులను తరలించాలంటే అది ఉండాలనీ, లారీకి ఆరుకు మించి ఎక్కించకూడదనీ 1978 నుంచే నిబంధన ఉంది. ఎందరు పాటిస్తున్నారో రోడ్డు మీద చూస్తూనే ఉన్నాం. అడుగున ఇసుక పోసి, పైన వరిగడ్డి పరిచి, తలలు ఇంజను వైపు ఉండేలా కట్టారు.

పలుపులు మాత్రం మామయ్య విప్పేసుకున్నాడు. పశువును అమ్మినా తాడు అమ్మకపోవడం ఆ ఇంటి ఆనవాయితీ. కొత్త తాళ్ళు రాయచూరు నుంచే తెచ్చుకున్నారు.

మర్నాడు తెల్లవారుజామున ఫోన్ మోగింది. చేరాయి, నీళ్ళు తాగాయి అని కబురు. "కుడితి తాగాయా?" అని మామయ్య మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడు. అవతలివాళ్ళకు కుడితి అన్న మాట అర్థం కావడం లేదు.