శిల వైపు వంగిన నావ

శోకం సంప్రాప్తమైనప్పుడు మానవుని ప్రథమ స్వభావం పలాయనం. దేహం కదలకపోయినా మనస్సు పారిపోతుంది. గతించినవారి వస్తువులను, వారు సంచరించిన స్థలాలను, వారిని స్ఫురింపజేసే స్వరాలను తప్పించుకొని తిరగడమే ధైర్యమని భ్రమిస్తుంది. అరకులోయలో ఒక గిరిజన ఆశ్రమ పాఠశాలలో ఉపాధ్యాయుడైన ఒక గృహస్థునికి ఈ భ్రమ నదీజలం వల్ల తొలగింది.

ఆయన ధర్మపత్ని శ్రావణమాసంలో స్వర్గస్థురాలైంది. ప్రతి కార్తిక సోమవారం ఆ దంపతులు బొర్రా గుహలకు వెళ్లి, లోపలి శివలింగాన్ని దర్శించి, గోస్తనీ తీరాన కొంతసేపు కూర్చునేవారు. మేస్తున్న గోవు ఒకటి గుహపై రంధ్రం గుండా లోపల పడిందని, దానిని వెదుకుతూ దిగిన పశువుల కాపరికి లింగదర్శనమైందని, ఆ గోవు పేరుమీదే నదికి గోస్తని అనే నామం కలిగిందని అక్కడి ఐతిహ్యం. ఆ యేడు కార్తికంలో లోయ అంతటా వలిసె పూలు పసుపుపచ్చగా విరిశాయి. ఆయన మాత్రం బొర్రాకు పోలేదు. ఏటిసూతకమని అడిగినవారికి చెప్పాడు. వాస్తవమైన కారణం భయం. వాకిట ఆమె పెంచిన తులసి నీరు లేక ఎండిపోయింది.

అంతకన్నా తీవ్రమైన విషయం మరొకటి ఉంది. ఆమె తల్లి, ఒంటరి వృద్ధురాలు, భీమునిపట్నంలో ఉంటుంది. కుమార్తె జీవించి ఉన్నంతకాలం ప్రతి రాత్రి ఆ ఇంటికి ఫోను వెళ్లేది. పదకొండవ రోజు తరువాత అల్లుడు ఒక్కసారైనా పలకరించలేదు. తల్లీకూతుళ్ల కంఠస్వరం ఒక్కటే. ఆ స్వరం మళ్లీ వినే శక్తి ఆయనకు లేకపోయింది.

అస్థికలలో కొంతభాగాన్ని గంగలో కలపడానికి మార్గశిరంలో ఆయన హరిద్వారం వెళ్లాడు. ఆ కర్మ ముగిసిన పిమ్మట మేనల్లుడు ఆయనను ఋషీకేశానికి ఎగువన ఉన్న శివపురికి తీసుకుపోయాడు. ఆ యువకుడు అక్కడ గంగాప్రవాహంలో కయాక్ నడపడం నేర్పుతాడు. ఒక్కరు మాత్రమే కూర్చోగల సన్నని పడవ, రెండు కొసలా రెక్కలున్న తెడ్డు, తలకు హెల్మెట్, ఒంటికి లైఫ్‌జాకెట్, నడుము చుట్టూ నీరు చొరబడకుండా బిగించే తొడుగు. ఇవే ఆ విద్యకు పరికరాలు.

ప్రథమ పాఠం నడపడం కాదు, బోల్తాపడటం. "మామయ్యా, ముందు తలకిందులు కావడం నేర్చుకోవాలి. కంగారుపడకండి. తొడుగు ముందున్న పట్టీని చేతితో వెదికి లాగండి. పడవ మిమ్మల్ని విడిచిపెడుతుంది" అన్నాడు మేనల్లుడు. ఒడ్డు దగ్గరి నిలకడ నీటిలో, హిమశీతల గంగలో శిరస్సు మునిగిన ఆ కొన్ని క్షణాలలో ఆయనకు గతం లేదు, భవిష్యత్తు లేదు. ఉన్నది చేతివేళ్లకు తగలవలసిన పట్టీ ఒక్కటే. నాలుగు నెలలుగా ఎరుగని ఏకాగ్రత అది. పైకి తేలినప్పుడు ఆయన చాలాసేపు ఏడ్చాడు. ముఖమంతా నీరే గనుక ఎవరికీ తెలియలేదు.

నాలుగవ రోజున చిన్న వడిలోకి దిగారు. ప్రవాహం పడవను అడ్డంగా తిప్పి ఒక బండ మీదికి నెట్టింది. ఆయన సహజంగానే బండకు దూరంగా, ఎగువకు ఒరిగాడు. తక్షణమే పడవ బోల్తాపడింది. ఒడ్డున మేనల్లుడు కారణం వివరించాడు. బండకు భయపడి ఎగువకు ఒరిగితే పడవ ఎగువ అంచు కిందికి దిగుతుంది. వచ్చే నీరంతా దానిపై ఎక్కి తొక్కేస్తుంది. బండ వైపే వంగితే ఆ అంచు లేచి నీరు కిందనుంచి పోతుంది. బండను తాకి మరలే నీరే పడవను పక్కకు నెడుతుంది. "భయం వేసిన వైపే వంగాలి మామయ్యా!"

మరునాడు అటువంటి సన్నివేశమే ఎదురైంది. ఆయన పళ్లు బిగించి బండ వైపు వంగాడు, చేయి చాచి దాదాపు దానిని ఆలింగనం చేసుకున్నాడు. పడవ జారి బండ వెనుకకు చేరింది. అక్కడ నీరు నిశ్చలం. చుట్టూ నది గర్జిస్తుండగా, తాను భయపడిన శిలయే ఆయనకు ఆశ్రయమిచ్చింది.

భగవద్గీత ప్రథమాధ్యాయానికి అర్జున విషాదయోగమని పేరు. పార్థసారథి రథాన్ని ఉభయసేనల మధ్య ఎక్కడైనా నిలపవచ్చు. అర్జునుని హృదయం ఎవరిని చూస్తే కరిగిపోతుందో ఆ భీష్మద్రోణుల ఎదుటనే నిలిపాడు. విషాదం యోగంగా పరిణమించడానికి అదే ఆరంభస్థానం. వారికి దూరంగా రథం నిలిపి ఉంటే అర్జునునికి ఆ క్షణాన కన్నీరు తప్పేదేమో, కాని ప్రశ్న పుట్టేది కాదు. ప్రశ్న లేనిదే ఉపదేశం లేదు. తితిక్ష అంటే దుఃఖాన్ని తప్పించుకోవడం కాదు, దాని ఎదుట నిలబడగలగడం.

ఆయన అరకుకు తిరిగివచ్చి తులసికోటలో కొత్త మొక్క నాటాడు. అక్కడ ఆయనకు పడవ లేదు. ఆ కొండవాగులు వేసవిలో రాళ్ల మధ్య సన్నగిల్లుతాయి, వానకాలంలో హఠాత్తుగా పొంగుతాయి. శిక్షకుడు లేక దిగదగినవి కావు. మాఘమాసంలో ఒకనాడు ఆయన గోస్తనీ తీరాన, ఇద్దరూ కూర్చునే చోటనే, ఒక్కడే కూర్చున్నాడు. దుఃఖం వచ్చింది. ఆయన లేచిపోలేదు.

బొర్రా వద్ద కనిపించే ఆ నదియే సుమారు 120 కిలోమీటర్లు ప్రవహించి భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. మరుసటి ఆదివారం ఆయన కిరండూల్ రైలులో సొరంగాలు దాటుతూ కొండ దిగి, విశాఖలో బస్సు పట్టుకొని, సాయంకాలానికి అత్తగారి గుమ్మం ముందు నిలిచాడు.

"వచ్చావా నాయనా? అన్నం తిన్నావా?" అన్నదామె.

అదే స్వరం. ఆయన ముఖం తిప్పుకోలేదు. "ఇంకా లేదత్తయ్యా" అంటూ లోపలికి నడిచాడు.