కుక్కరు కూతా, శవాసనమూ

పశ్చిమోత్తానాసనం అన్న పేరు తప్పు లేకుండా పలకడమే ఒక వ్యాయామం. చేసేది మాత్రం ఇంతే, కాళ్ళు చాపుకుని కూర్చుని, ముందుకి వంగి బొటనవేళ్ళు అందుకోవడం. మా పక్కవాటా పిన్నిగారు అరవై దాటినావిడ, కాఫీ గ్లాసు అందుకున్నంత సులువుగా అందుకుంటారు. "బలం పెట్టకమ్మా, ఊపిరి వదులు" అంటారు నాతో. ఊపిరి వదలడమంటే మెల్లగా గాలి విడవమని లెండి, కంగారు పడకండి.

ఆవిడ మాటలో శాస్త్రం ఉంది. మన కండరాల్లో కదురు ఆకారంలో సన్నటి కావలివాళ్ళుంటారు. కండరాన్ని ఒక్కసారి గుంజామా, వాళ్ళు వెన్నుపాముకి కబురంపుతారు. అది మెదడుని అడగను కూడా అడగదు, "ముడుచుకో" అని ఆ కండరానికే ఆజ్ఞ ఇచ్చేస్తుంది. 1924లో లిడెల్, షెరింగ్టన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ సంగతి వివరంగా రాశారు. అంటే మనం గుంజుతున్నకొద్దీ మన ఒళ్ళే మనకి ఎదురు గుంజుతుందన్నమాట. నెమ్మదిగా వంగి, అందినంతలో ఓ అరనిమిషం ఆగితే ఆ కావలి సడలుతుంది. మొదటి వారాల్లో మనం ఎక్కువ వంగగలగడానికి కారణం కండరం పొడుగవడం కాదట, చాలావరకు ఆ లాగుడు మనసుకి అలవాటు కావడమేట.

ప్రయత్నం సడలితేనే ఆసనం కుదురుతుందని పతంజలి ఏనాడో చెప్పాడు. ఆయనకేం, చెప్తాడు! పొయ్యిమీద పప్పు పెట్టి వంగి ఉంటే తెలిసేది. రెండు కూతలయ్యాయా, మూడా అని చెవి వంటింట్లో ఉన్నంతసేపూ నా తొడ వెనక కండ తీగలా బిగిసే ఉంటుంది. పళ్ళు కూడా బిగబట్టానని పిన్నిగారు చెబితేగానీ నాకు తెలియదు.

అందుకని ఇప్పుడు మధ్యాహ్నం, పొయ్యి ఆర్పేశాక చేస్తున్నాను. చివర్లో శవాసనం. చూడ్డానికి అన్నిటికన్నా సులువైనదీ, మా ఇంట్లో అన్నిటికన్నా కష్టమైనదీ అదే. మావారు పేపరు మొహాన వేసుకుని పడుకుంటే విశ్రాంతి. నేను పట్టపగలు కళ్ళు మూసుకుని పడుకుంటే జ్వరం! పిల్లాడు నుదుటిమీద చెయ్యి వేసి చూశాడు. పనమ్మాయి "డాక్టరుగారికి కబురు పెట్టమంటారా?" అంది. ఆడది ఒళ్ళు వదిలి పడుకోవాలంటే రోగమైనా రావాలి కాబోలు. "నాకేం కాలేదు, పది నిమిషాలు నన్నెవరూ పిలవకండి" అని గట్టిగానే చెప్పాను. ఆ ఒక్క మాట అనడానికి పట్టినంత బలం నాకే ఆసనానికీ పట్టలేదు.

మొన్న మా అత్తగారు తనూ ఓ చాప తెచ్చుకుని పక్కన వాలారు. "ఒళ్ళు వదిలెయ్యడమంటే ఎలాగే?" అన్నారు. చూస్తే ఎడమచేతి గుప్పిట బిగించి ఉంది. లోపల బీరువా తాళాలు. "అవి పక్కన పెట్టండి అత్తయ్యా" అన్నాను. కాసేపు ఆలోచించి, తీసి చాపకింద పెట్టుకున్నారు.