అనంతపురం మెట్టల్లో మన పిల్లలు

అనంతపురం పేరు చెప్పగానే అందరికీ జ్ఞాపకము వచ్చేది కరువు. నైరుతి ఋతుపవనాలు పడమటి కనుమల దగ్గరే నీళ్ళన్నీ కుమ్మరించి ఇక్కడికి ఖాళీగా వస్తాయి. ఈశాన్య ఋతుపవనాలు తూర్పు తీరాన్ని తడిపి ఇంత దూరము చేరేసరికి వట్టిపోతాయి. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదీ విత్తనము వేసేటప్పుడు పడితే కాయ ఊరేటప్పుడు పడదు. దేశములో చాలా తక్కువ వాన పడే జిల్లాలలో ఇది ఒకటని ఇక్కడి బడిపిల్లలు సైతము అప్పగిస్తారు.

ఈ సంగతులు మన పాఠకులకు కొత్త కావు. మేము నలుగురము ఈసారి వెళ్ళింది పైరు చూడడానికి కాదు, పిల్లలను చూడడానికి. పిలిస్తే పలకని పిల్లలు, ఒక్కచోట కుదురుగా నిలవని పిల్లలు, ఎంత చెప్పినా అక్షరము పట్టుబడని పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. పట్టణాలలో వీరి కోసము డాక్టర్లు, ప్రత్యేక టీచర్లు ఉంటారు. వాన కోసము ఎదురుచూసే పల్లెలో వీరిని ఎవరు చూస్తున్నారు, ఎట్లా చూస్తున్నారు అన్నదే మా ప్రశ్న.

అనంతపురము నుండి కదిరి రోడ్డు పట్టాము. ఎర్రనేల, గుట్టల మీద ఒకదానిపై ఒకటి పేర్చినట్టున్న గుండ్లు, బోరు నీళ్ళున్న చోట చీనీ తోటలు, లేని చోట చెనిక్కాయ చేలు. దారిలో బత్తలపల్లి వస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాను విడదీసినప్పుడు ఈ ఊరు, ధర్మవరము, కదిరి, హిందూపురము అన్నీ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి. కాగితము మీద గీత మారినా వాన మాత్రము ఆ గీత చూసి పడదు గదా!

బత్తలపల్లిలో ఫాదర్ ఫెర్రర్ సమాధి ఉన్నది. స్పెయిన్ దేశములోని బార్సిలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ జెస్యూట్ సభ పక్షముగా 1952లో మన దేశానికి వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడులో బీద రైతుల మధ్య పనిచేసి, 1968లో దేశము విడిచిపొమ్మన్న ఆజ్ఞ పొంది, మరుసటి సంవత్సరము తిరిగి వచ్చి అనంతపురము చేరారు. 1970లో ఆ సభను విడిచి ఆన్ పెర్రీ గారిని వివాహమాడారు. 2009 జూన్ 19న కన్నుమూసేవరకు ఈ నేలను విడువలేదు. ఆయన రోమను సభలో పెరిగినవారు, మనము కాము. అయినా ఒక మాట చెప్పక తప్పదు. బావులు, ఇండ్లు, బడులు, ఆసుపత్రులు అని అందరూ ఎన్నే లెక్కలో, ఎవరూ ఎన్నని పిల్లలను కూడా ఆయన స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఎన్నుకున్నది. వినపడని పిల్లలకు, చూపులేని పిల్లలకు, బుద్ధిమాంద్యముగల పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు పెట్టింది. ఊరూరా వికలాంగుల సంఘాలు కట్టించింది. వీధి గడప దాటని తల్లి సంఘము మీటింగుకు బిడ్డను ఎత్తుకొని వచ్చి నలుగురిలో కూర్చోవడము అక్కడి నుండే మొదలైందని మాతో చాలామంది అన్నారు.

బత్తలపల్లి దాటి లోపలికి వెళ్ళిన ఒక ఊళ్ళో ఒక తల్లి ఇంటికి మమ్మల్ని సంఘ కాపరిగారు తీసుకువెళ్ళారు. తొమ్మిదేండ్ల బాబు. మాటలు లేవు. వేప చెట్టు కింద మంచము కోడుకు పాత చీర పేట కట్టి ఉన్నది, దాని రెండవ కొస బాబు నడుముకు. చూడగానే మాలో ఒకరికి కన్నీళ్ళు వచ్చాయి. ఆమె అది గమనించి తల వంచుకోలేదు. "ఏం జేద్దు అక్కా! ఇడిస్తే బావి కాడికి పోతాడు. నీళ్ళంటే వానికి పిచ్చి. నేను కూలికి పోకుంటే సంగటి యాడనుంచి వస్తాది?" అన్నది. కరువు సీమలో నీళ్ళంటే ఇష్టపడే బిడ్డ! ఆమెను నిందించే హక్కు మాకెవరికీ లేదనిపించింది. ఆ ముడి విప్పాలంటే ముందు పగటిపూట బాబును చూసే మనిషి కావాలి, తరువాత ఊరి బావికి గోడ కావాలి.

బాబుకు ఉన్నది ఆటిజం. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు పదకొండుమంది పిల్లలను గమనించి ఈ లక్షణాలను మొదటిసారి వివరముగా వ్రాశారు. ఆ తరువాత చాలా ఏండ్లు అక్కడి పెద్ద పెద్ద డాక్టర్లే, తల్లి బిడ్డను దగ్గరకు తీయనందువల్ల ఇది వస్తుందని చెప్పారు. మన ఊళ్ళో అత్తగారు అనే మాటే ఇంగ్లీషులో అన్నారన్న మాట. అది తప్పని తేలింది. పుట్టుకతోనే మెదడు పెరిగే తీరు వేరుగా ఉండడము దీనికి మూలము. మందుతో పోయేది కాదు. అయితే చిన్నప్పుడే గుర్తుపట్టి నేర్పితే పిల్లలు ఎంతో ముందుకు వస్తారు. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడము, కావలసినది వేలితో చూపకపోవడము, వచ్చిన మాటలు పోవడము, ఇవి కనిపిస్తే "వాళ్ళ నాయనకూ ఆలస్యంగానే మాటలొచ్చినాయి" అని ఊరుకోకూడదు. మొదట చెవులు పరీక్ష చేయించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము కింద అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే వైద్య బృందానికి చూపించాలి.

ఆ ఇంట్లోనే మేము ఇంకొకటి చూశాము. గోడ మీద సుద్దతో వరుసగా బొమ్మలు: పండ్లపుల్ల, చెంబు, గిన్నె, చెప్పులు, మంచము. మండల కేంద్రములోని భవిత కేంద్రము టీచరమ్మ గీసి ఇచ్చిందట. సమగ్ర శిక్ష కింద నడిచే ఈ కేంద్రాలలో ప్రత్యేక అవసరాలుగల పిల్లలకు శిక్షణ పొందిన టీచర్లు ఉంటారు. అక్కడికి రాలేని బిడ్డకు ఇంటికే వచ్చి నేర్పుతారు. తెల్లవారి లేచినప్పటి నుండి ఏది తరువాత ఏదో ఆ బొమ్మల ప్రకారమే. ఒక పని అయిపోగానే తల్లి బాబు వేలు పట్టుకొని తరువాతి బొమ్మ మీద పెడుతుంది. "ముందర స్నానమంటే ఊరంతా వినపడేటట్టు ఏడ్సేవోడు. ఇప్పుడు చెంబు బొమ్మ చూసి వాడే నడుస్తాడు" అన్నది. ఇటువంటి పిల్లలను ఎక్కువగా భయపెట్టేది, తరువాత ఏమి జరుగుతుందో తెలియకపోవడము. పెద్ద మాటల ఉపదేశము వారికి పనికిరాదు. ఒక్కసారి ఒక్క మాట, ఒక్క పని, అదే వేళ, అదే చోట.

అదే వేళ, అదే చోట! ఈ జిల్లాలో అది ఎంత కష్టమో ఆలోచించండి. పంట పోయిన ఏడు తల్లిదండ్రులు బెంగుళూరు కట్టడాల పనికి, కదిరి వైపు వారైతే కేరళకు వెళ్తారు. బిడ్డను వెంట తీసుకువెళ్తే రేకుల షెడ్డు, కాంక్రీటు యంత్రాల మోత, తెలియని ముఖాలు. నేర్చుకున్నదంతా రెండు నెలల్లో పోతుంది. అవ్వ దగ్గర వదిలితే అవ్వకు వాని వెంట పరుగెత్తే కాళ్ళు లేవు. గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న ప్రారంభమైనది ఈ జిల్లాలోని బండ్లపల్లిలోనే. ఆ పనుల వల్ల రెండు వేసవులు ఊళ్ళోనే ఉండగలిగామని ఈ తల్లి చెప్పింది. కరువు పనికీ ఆటిజానికీ సంబంధమేమిటని మేము బయలుదేరేటప్పుడు ఎవరైనా అడిగి ఉంటే ఏమీ లేదనే చెప్పి ఉందుము.

ఇక బడి సంగతి. మరొక ఊళ్ళో నాలుగవ తరగతి చదివే పిల్లవాడు ఆదివారపు బడిలో కీర్తనలు కంఠతా చెప్తాడు, ఎక్కాలు తడుముకోకుండా చెప్తాడు, కాని పుస్తకము తెరిస్తే ఒక్క వాక్యము చదవలేడు. మ, య ఒకటిగా కనపడతాయి. థ, ధ సంగతి సరేసరి. ఒత్తు వచ్చిన చోట ఆగిపోతాడు. మూడేండ్లు "మొద్దు" అనే పేరుతో వెనుక వరుసలో కూర్చున్నాడు. ఇప్పుడున్న అయ్యవారు వానిని ముందుకు తెచ్చారు. ఒక పళ్ళెములో ఇసుక పోసి, అక్షరము పేరు పైకి చెప్తూ వేలితో దిద్దిస్తున్నారు. డిస్లెక్సియాగల పిల్లలకు కంటితో పాటు చెవి, చెయ్యి కలిసి పనిచేస్తే అక్షరము నిలుస్తుందని నిపుణులు చెప్తారు. మన తాతలు వీధి బడిలో ఇసుకలోనే దిద్దారు గదా! పలకలు వచ్చాక ఆ ఇసుకను మనమే పారబోశాము. ఈ అయ్యవారు వానికి పాఠము చదివి వినిపించి నోటితో జవాబు చెప్పించుకుంటారు. పరీక్షల సంగతి కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. కేంద్ర ప్రభుత్వము ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారము, వ్రాయడములో ఇబ్బంది గల వికలాంగ అభ్యర్థికి వ్రాసిపెట్టే సహాయకుడు, గంటకు 20 నిమిషాలకు తక్కువ కాకుండా అదనపు సమయము ఉంటాయి.

1995 చట్టములో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. ఆటిజం పేరు గాని, చదువులో ప్రత్యేక ఇబ్బందుల పేరు గాని అందులో లేవు. 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చిన 2016 చట్టములో ఇరవై ఒకటి ఉన్నాయి, ఈ రెండూ వాటిలో చేరాయి. మీ బిడ్డను చేర్చుకోమని ఏ ప్రభుత్వ బడీ అనరాదు. సదరం శిబిరములో 40 శాతము, ఆ పైన వైకల్యము ఉన్నదని ధ్రువపత్రము వస్తే పింఛనుకు అర్హత. ఆంధ్రప్రదేశ్‌లో దానిని 2024లో నెలకు 6,000 రూపాయలకు పెంచారు. శిబిరములో బిడ్డ కొత్త మనుషులను చూసి ఏడ్చి కింద పడవచ్చు. వాడు రోజూ ఏమేమి చేయలేడో, ఏమి చేస్తాడో ముందే ఒక కాగితము మీద వ్రాయించుకొని వెళ్ళడము మంచిది.

మన సంఘాల గురించి కూడా కొంచెము చెప్పాలి. మొదట చెప్పిన బాబు గుడిలోకి రాగానే చెవులు మూసుకొని కేకలు పెట్టేవాడట. దయ్యము ఆరాధనను ఓర్వలేకపోతున్నదని కొందరు అన్నారు. స్వస్థత కూటములకు త్రిప్పారు, తాయెత్తు కట్టే చుట్టాలు తాయెత్తు కట్టారు, ఒకచోట వేపమండలతో కొట్టారు కూడా. వాడు ఓర్వలేనిది ఆరాధన కాదు, లౌడు స్పీకరు. ముప్పై మంది పట్టే గదిలో రెండు పెద్ద పెట్టెలు, డోలకు, తాళాలు, పైన రేకుల కప్పు! మామూలు చెవికే అది భారము. ఆటిజంగల పిల్లలలో చాలామందికి శబ్దము నొప్పిలా తగులుతుంది. కాపరిగారు ఒక పెట్టె తీసివేయించారు, రెండవదాని గొంతు తగ్గించారు. తలుపు పక్కన చాప వేసి, లేచి బయటికి వెళ్ళి మళ్ళీ రావడానికి వానికి అనుమతి ఇచ్చారు. పాటలు తగ్గినాయని గొణిగినవారు లేకపోలేదు. గ్రుడ్డివాడుగా పుట్టినవానిని చూసి వీడు పాపము చేసెనా, వీని కన్నవారు చేసిరా అని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ రెండూ కావన్నాడు. ఆ అధ్యాయము మీద ఎన్నో ప్రసంగాలు విన్న సంఘమే ఒక తల్లిని అదే ప్రశ్న అడుగుతున్నది. అన్నట్టు, మేనరికాల విషయము వేరు. దగ్గరి రక్తసంబంధములో పెండ్లి చేస్తే కొన్ని పుట్టుక లోపాలు, బుద్ధిమాంద్యము వచ్చే అవకాశము పెరుగుతుంది. అది రేపటి పెండ్లికి పెద్దలు ఆలోచించవలసిన మాటే గాని నిన్న పుట్టిన బిడ్డ తల్లిని పొడవడానికి కాదు.

ఆ ఇంటి అరుగు మీద ఆమె మాకు రాగి సంగటి, ఊరిబిండి పెట్టింది. మేము తింటూ ఉండగా బాబు చేటలో విత్తన కాయలు ఏరుతున్నాడు. గట్టి గింజ ఒక ప్రక్క, నొక్కు గింజ ఒక ప్రక్క. ఒక్కటి తప్పిపోలేదు. వాని అక్క, పదునెనిమిదేండ్ల పిల్ల, పక్కనే కూర్చొని రాశులు సర్దుతున్నది. ఆమెకు రెండు సంబంధాలు వచ్చి, తమ్ముని సంగతి తెలిసి వెనక్కు పోయాయి. "నేను పోయినాక వీనికెవరు సార్?" అని తల్లి అడిగింది. 1999 నేషనల్ ట్రస్టు చట్టము కింద, ఆటిజం, బుద్ధిమాంద్యము గలవారికి పదునెనిమిదేండ్లు నిండిన తరువాత కూడా చట్టబద్ధమైన సంరక్షకుని నియమించవచ్చుననీ, కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి అర్జీ పెట్టుకోవాలనీ, అదే ట్రస్టు వారి నిరామయ పథకములో లక్ష రూపాయల వరకు వైద్య బీమా ఉన్నదనీ చెప్పాము. ఆమెకు అర్థమైందో లేదో గాని కూతురు లేచి లోపలికి వెళ్ళి, నోటు పుస్తకము, పెన్ను తెచ్చింది. "ఆ పేరు మళ్ళొక్కసారి చెప్పండి సార్, మెల్లగా" అన్నది.