నాన్నా, ఇన్వర్టర్ ఎక్కడ పెట్టాలి?

మన తెలుగువాళ్లకి ఇన్వర్టర్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కరెంటు కోతల కాలంలో పెరిగిన వాళ్లకి మెట్ల కింద కూర్చుని గుయ్యిమనే ఆ పెట్టె ఇంట్లో మనిషిలాంటిదే. మా ఇంట్లో బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ పోసే డ్యూటీ నాది. అలాంటి నేను, కంప్యూటర్స్‌లో మాస్టర్స్ చేసి, డాలస్‌లో ఇన్నేళ్లుగా కన్సల్టెంటుగా పనిచేస్తున్న నేను, ఇన్వర్టర్ ఎక్కడ పెట్టాలో తెలియక బోల్తాపడ్డాను. ఆ కథే ఇది.

2023లో అమ్మా నాన్నా వేసవికి వస్తున్నారంటే ఒక సెకండ్ హ్యాండ్ ఆర్వీ కొన్నాను. ఇల్లూ బండీ ఒకటే అయిన ఈ వాహనం పిల్లలకి ఎప్పటినుంచో కల. గ్రాండ్ కాన్యన్‌లో, సౌత్ రిమ్ మీద మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో మూడు రాత్రులు బుక్ చేశాం. అక్కడ కరెంటు కనెక్షన్లు ఉండవు. రాత్రిపూట జనరేటర్ వేయకూడదు. నాన్నకేమో స్లీప్ ఆప్నియా. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంది కాబట్టి సీపాప్ మెషీన్ మాస్కు పెట్టుకోకుండా పడుకోకూడదు. అందుకని బ్యాటరీ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే 2000 వాట్ల ఇన్వర్టర్ కొని నేనే బిగించాను.

ఎక్కడ బిగించానంటారా? టీవీ కింద అలమారలో. ప్లగ్గులన్నీ అక్కడే ఉన్నాయి, చూడ్డానికీ నీటుగా ఉంది. బ్యాటరీలు మాత్రం గుమ్మం మెట్టు కింద, పదిహేను అడుగుల దూరంలో. అంత దూరం కేబుల్ లాగేసి, "అయిపోయింది" అని చేతులు దులుపుకున్నాను.

మొదటి రాత్రి బాగానే గడిచింది. రెండో రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి అమ్మ అలవాటు ప్రకారం లేచింది. గ్యాస్ వెలిగించడానికి కొత్త, పైగా చప్పుడికి పిల్లలు లేస్తారని భయం. డికాక్షన్‌కి నీళ్లు కాగబెడదామని వెయ్యి వాట్ల ఎలక్ట్రిక్ కెటిల్ ఆన్ చేసింది. అంతే! ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోయింది. దాంతోపాటే నాన్న మెషీన్ కూడా. నాన్న ఉలిక్కిపడి లేచి, మాస్కు లాగేసి, కాసేపు గట్టిగా ఊపిరి పీలుస్తూ కూర్చున్నారు.

"ఏమండీ, నా కాఫీ మూలంగానేనా?" అని అమ్మ చీకట్లో అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది.

తెల్లవారాక నాన్న నా మల్టీమీటర్ అడిగారు. ఆయన మార్కాపురం వైపు విద్యుత్ శాఖలో ముప్పై ఏళ్లు పైగా పనిచేసి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. నాన్న చెప్పినప్పుడు కెటిల్ మళ్లీ ఆన్ చేశాను. బ్యాటరీ దగ్గర 11.3 వోల్టులు. ఇన్వర్టర్ దగ్గర 10.4. నా ఇన్వర్టర్ 10.5కి దిగితే ఆగిపోయే రకం.

"ఒరేయ్, ఇది టెయిల్ ఎండ్ సమస్యరా," అన్నారు నాన్న. "లైను చివర రైతుకి మోటారు తిరగదు చూడు, అదే ఇది. మధ్యలో తీగే తినేస్తోంది."

వెయ్యి వాట్లకి 120 వోల్టుల వైపు ఎనిమిది ఆంపియర్లు చాలు. అదే 12 వోల్టుల వైపు, ఇన్వర్టర్‌లో పోయేది కూడా కలిపితే, తొంభై దాటుతుంది. అంత కరెంటు సన్నటి కేబుల్లో పదిహేను అడుగులు వెళ్లి, పదిహేను అడుగులు తిరిగి రావాలి. ఊళ్లో 11 వేల వోల్టుల లైను పొలం దాకా తెచ్చి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ని మోటారు పక్కనే పెట్టారట, ఇందుకే. తక్కువ వోల్టేజి తక్కువ దూరం నడవాలి. ఎక్కువ దూరం నడవాల్సింది ఎక్కువ వోల్టేజి.

"మరి నాకు ముందే చెప్పలేదేం నాన్నా?"

"మొదటి రోజు కేబుల్ పట్టుకుని చూశాను, వేడిగా ఉంది. నువ్వు కంప్యూటర్లో అంతా చూసే పెట్టుంటావు, మధ్యలో నేనెందుకని ఊరుకున్నా. నువ్వూ అడగలేదుగా."

ఆ మాట కోపంగా అన్లేదు. అలా అన్నా బాగుండేది.

మర్నాడు నాలుగున్నరకి మెలకువ వచ్చి చూస్తే, అమ్మ ఖాళీ స్టీలు గ్లాసు పట్టుకుని చీకట్లో కూర్చుని ఉంది, నాన్న లేచేదాకా ఏదీ ముట్టుకోకూడదని. లేచి గ్యాస్ వెలిగించి, కాఫీ నేనే కలిపి ఇచ్చాను.

డాలస్ తిరిగొచ్చాక ఆ శనివారమే డ్రైవ్‌వేలో పని మొదలైంది. నాన్న స్టూలు మీద బాసు, నేను కూలీ, మా అబ్బాయి పానాలు అందించే అసిస్టెంటు. "బ్యాటరీ పక్కనే పెట్టేస్తే పోలా తాతయ్యా?" అన్నాడు వాడు. వద్దన్నారు. నీళ్లు పోసే బ్యాటరీలు చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతాయి, ఒక్క నిప్పురవ్వ చాలు. ఆసిడ్ ఆవిరి సర్క్యూట్లని కూడా తినేస్తుంది. గ్యాస్ సిలిండర్ గది అసలే పనికిరాదు. మంచం కింద పెడితే ఫ్యాను మోత, పరుపు వేడి. వాన నీళ్లు, రోడ్డు మీది బురద తగలకూడదు, గాలి మాత్రం ఆడాలి.

చివరికి డైనింగ్ సీటు కింద అర కుదిరింది. బ్యాటరీకీ దానికీ మధ్య ఒక గోడ, మూడడుగుల దూరం. ఇక్కడ టూ ఆట్ అనే లావుపాటి కేబుల్ వేసి, బ్యాటరీ పాజిటివ్ పక్కనే ఫ్యూజు పెట్టాం. టీవీ దాకా 120 వోల్టుల వైరు మామూలుగా వెళ్లింది. బయటి కరెంటూ ఇన్వర్టర్ కరెంటూ కలవకుండా చూసే ట్రాన్స్‌ఫర్ స్విచ్ మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో పెట్టించాం. కెటిల్ ఆన్ చేసి కొలిస్తే దారిలో పోయింది వోల్టులో పదో వంతు కూడా లేదు. నాన్న మీటరు చూసి తల ఊపారు, అంతే. అమ్మ మాత్రం ఆ కెటిల్‌తోనే అందరికీ కాఫీ పెట్టింది.

మీరెవరైనా ఆర్వీ కొంటే ఈ కొలతలు పనికొస్తాయనే ఇంత వివరంగా రాశాను. లిథియం బ్యాటరీలైతే హైడ్రోజన్ బెడద ఉండదు కానీ, దూరం లెక్క మాత్రం మారదు. అన్నట్టు, డ్రిల్లు చేతికి తీసుకునే ముందు ఇంట్లో పెద్దవాళ్లని ఒక మాట అడగండి.

ఇప్పుడు ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో నాన్న మొదటి ప్రశ్న నాకు కాదు, మనవడికే. "బ్యాటరీలో నీళ్లు చూశావురా?" ఆ డ్యూటీ ఇప్పుడు వాడిది.